మామూలు కంప్యూటర్ వాడేవాళ్ళకి ఓపెన్ సోర్స్ గురించి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ఖాళీఫోల్డర్:

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటున్న ప్రశ్న, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

తెలిసినవాళ్ళలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది (మీలో చాలామందిదీ ఇదే గతి అనుకుంటా). వెళ్ళి చూస్తే అందరి దగ్గరా ఒకే కథ. క్రాక్ చేసిన ఆఫీస్, దాన్ని యాక్టివేట్ చెయ్యడానికి ఎక్కణ్ణుంచో దింపిన ఒక ఫైలు, ఆ ఫైలు నడవాలంటే యాంటీవైరస్ ఆపమంది కాబట్టి ఆపేశారు, ఆపింది మళ్ళీ ఆన్ చేసిన పాపాన పోలేదు. దానికితోడు ఇప్పుడు విండోస్ 10 గోల. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లకి ఒక దారి ఇచ్చినా అదీ 2026 అక్టోబర్ వరకే. పోనీ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదంటుంది, ప్రాసెసర్ పాతదంటుంది. మెషిన్ చూస్తే శుభ్రంగా నడుస్తోంది, దాన్ని పక్కన పడెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.

ఓపెన్ సోర్స్ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదనిపిస్తోంది. కానీ నోరు తెరిస్తే చాలు అవతలివాళ్ళ మొహం మారిపోతోంది. "సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు" అంటే "నేనెందుకు మారుస్తానండీ" అంటారు, ఆ మాటా నిజమే కదా. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ చెప్పిన నాలుగు స్వేచ్ఛలు (వాడుకోవడం, చదివి మార్చుకోవడం, పంచడం, మార్చింది పంచడం) మొదలుపెడితే రెండోదానికి వచ్చేసరికి ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఉచితం అని చెప్తే ఇంకో అనుమానం, ఊరికే ఇస్తున్నారంటే లోపల ఏదో మతలబు ఉండే ఉంటుందని.

నా ప్రశ్న ఏంటంటే, మొదటి ఐదు నిమిషాల్లో మీరు ఏం చెప్తారు, ఏం చూపిస్తారు? విండోస్ తీసేసి నేరుగా లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చేస్తారా లేక విండోస్‌లోనే ఒక్కో ప్రోగ్రామ్ అలవాటు చేస్తారా? స్వేచ్ఛ సంగతి ఎత్తాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, "లినక్స్ వెయ్యి బ్రో" అని ఒక్క లైన్ కొట్టి వెళ్ళిపోకండి దయచేసి.

సర్వర్‌రూమ్‌లో_నేను:

ఆఫీసుల్లో డెస్క్‌టాప్ సపోర్ట్ నా పని, కాబట్టి నా అభిప్రాయం అటువైపు నుంచే ఉంటుంది. లినక్స్ సంగతి ఆఖర్న పెట్టండి. ముందు ప్రోగ్రాములు.

ఫ్రాన్స్‌లో జాండార్మెరీ అని పోలీసు దళం ఉంది, వాళ్ళు చేసిన వరస చూడండి. 2005 ప్రాంతంలో ముందు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి బదులు ఓపెన్ఆఫీస్ పెట్టారు, తర్వాత బ్రౌజర్, మెయిల్ మార్చి ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ ఇచ్చారు, ఇవన్నీ విండోస్ మీదే. 2008 నుంచి ఉబుంటు అనే లినక్స్ మొదలుపెట్టారు. అంటే కింద ఆపరేటింగ్ సిస్టమ్ మారే నాటికి పైన రోజూ నొక్కే బొమ్మలన్నీ అప్పటికే చేతికి అలవాటైపోయినవే. పని చేసుకునేవాడికి విండోస్ పోయిందన్న బాధ ఎక్కడుంటుంది చెప్పండి. ఇంకోపక్క మ్యూనిక్ నగరపాలక సంస్థ ఉంది, 2003లో నిర్ణయించుకుని 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు లినక్స్‌కి మార్చి, 2017లో మళ్ళీ విండోస్‌కి పోదామని ఓటేసుకున్నారు. ఎందుకన్నదాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, రాజకీయం కూడా కలిసింది దాంట్లో, కానీ అంత పని చేసి కూడా నిలబెట్టుకోవడం వేరే పని అని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఐదు నిమిషాల సంగతి. నేనైతే ఏమీ చెప్పను. ఆ మనిషి రోజూ చూసే సైటే, యాడ్లతో కిక్కిరిసిపోయింది ఏదో ఒకటి ఉంటుంది కదా, అది వాళ్ళ బ్రౌజర్‌లో తెరిచి పెడతా. పక్కనే ఫైర్‌ఫాక్స్‌లో యాడ్లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసి అదే పేజీ తెరుస్తా. అంతే, తర్వాత వాళ్ళే అడుగుతారు. (క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చేశాక అసలు యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ నడవట్లేదు, లైట్ వెర్షన్ ఒక్కటే దిక్కు. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇంకా నడుస్తోంది.) వీడియో ప్లే కాలేదని గొణిగితే వీఎల్‌సీ, డీకోడర్లన్నీ లోపలే పెట్టుకుని వస్తుంది కాబట్టి కోడెక్ ప్యాక్ అంటూ ఇంకో చెత్త దింపే పని ఉండదు. జిప్ ఫైలు దగ్గర ట్రయల్ అయిపోయిందని బాక్స్ వస్తుంటే సెవెన్‌జిప్. ఎప్పుడు ఏ నొప్పి ఉంటే దానికే మందు, నొప్పి లేనిచోట చెయ్యి పెట్టను.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి బదులు పెట్టే లిబ్రేఆఫీస్ దగ్గర మాత్రం ఇన్‌స్టాల్ చేసి వచ్చేస్తే సరిపోదు, కూర్చుని నాలుగు సెట్టింగులు మార్చాలి. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్ళి లోడ్/సేవ్ కింద జనరల్‌లో డిఫాల్ట్‌గా వర్డ్ ఫార్మాట్‌లో సేవ్ అయ్యేట్టు పెట్టండి. దాని సొంత ఫార్మాట్ ఓడీటీ మంచిదే, ఐఎస్ఓ స్టాండర్డే, నాకూ తెలుసు, కానీ వాళ్ళు పంపిన ఫైలు అవతల పై అధికారి దగ్గర గందరగోళంగా తెరుచుకుంటే మొదటిరోజే మీ లిబ్రేఆఫీస్ పని అయిపోయినట్టే. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, దాంట్లో ట్యాబ్డ్ ఎంచుకుంటే రిబ్బన్ అలవాటున్నవాళ్ళకి కాస్త ఊరట. పేజీలు జరిగిపోయాయని కంప్లైంట్ వస్తే చాలాసార్లు తప్పు ఫాంట్‌ది. కాలిబ్రి లేనిచోట కార్లిటో, కేంబ్రియా లేనిచోట కలాడియా, అక్షరం వెడల్పు సరిగ్గా అంతే ఉండేట్టు చేసిన ఫాంట్లు ఇవి, ఉన్నాయో లేవో చూసుకోండి. ఇక ఎవరికైనా చదవడానికి మాత్రమే పంపేదైతే పీడీఎఫ్ చేసి పంపమనండి, బటన్ పైనే ఉంటుంది, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

గ్నూగోపి:

పైన అన్న చెప్పింది పనితనం వరకు కరెక్టే, నేను కాదనట్లేదు, కానీ "ఏమీ చెప్పను" అన్నారే అక్కడ నాకు అభ్యంతరం ఉంది.

డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్లు రావు అని మాత్రమే చూపించి వదిలేస్తే రేపు ఇంకెవరో ఇంకొంచెం అందంగా ఉన్నది, అదీ ఊరికే, చూపిస్తారు, అటు వెళ్ళిపోతారు. క్రోమ్‌కీ డబ్బులు కట్టక్కర్లేదు కదా. గూగుల్ డాక్స్‌కీ కట్టక్కర్లేదు. పెయింట్ డాట్ నెట్ కూడా ఊరికే వస్తుంది, ఓపెన్ సోర్స్ మాత్రం కాదు. ఊరికే రావడం ఒకటి, మన చేతిలో ఉండటం ఇంకొకటి, ఈ తేడా అసలు చెప్పకుండా మనం చేసేది సాఫ్ట్‌వేర్ సర్వీసింగ్ అవుతుంది, ప్రచారం కాదు.

కోడ్ మార్చుకోవచ్చు అని చెప్తే ఎవరికీ ఎక్కదు, ఒప్పుకుంటా. దానికి బదులు జరిగిన కథలు చెప్పండి. ఓపెన్ఆఫీస్ సన్ కంపెనీ చేతిలో ఉండేది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. దాన్ని రాసేవాళ్ళకి దాని భవిష్యత్తు మీద నమ్మకం పోయింది. ఏం చేశారు, కోడ్ తీసుకుని బయటికి వచ్చి అదే ఏడాది లిబ్రేఆఫీస్ అని పేరు పెట్టి నడుపుకుంటున్నారు, ఎవరి అనుమతీ అడగలేదు, అడగాల్సిన అవసరం లైసెన్సే లేకుండా చేసింది. వాడేవాళ్ళ ఫైళ్ళు ఒక్కటీ పోలేదు. కంపెనీ మూసేస్తే దాని ప్రోగ్రామ్‌లో చేసుకున్న పనంతా గోవిందా అయిన అనుభవం చాలామందికి ఉంటుంది, వాళ్ళకి ఈ కథ చెప్పి చూడండి ఫోన్ పక్కన పెడతారో లేదో.

3డీ బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్ కథ ఇంకా బాగుంటుంది. 2002లో దాన్ని నడిపే కంపెనీ చేతులెత్తేసింది. పెట్టుబడి పెట్టినవాళ్ళు 100,000 యూరోలు ఇస్తే కోడ్ వదిలేస్తామన్నారు. దాన్ని తయారుచేసిన టోన్ రోజెండాల్ జనాన్ని అడిగాడు, వాడేవాళ్ళే వారాల్లో పోగేసి కట్టేశారు, కోడ్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద బయటికి వచ్చింది. 2025లో 'ఫ్లో' అనే యానిమేషన్ సినిమాకి ఆస్కార్ వచ్చింది చూశారా, అది బ్లెండర్‌లో చేసిందే. వీడియోలు, బొమ్మలు అంటే ఇష్టం ఉన్న పిల్లలకి ఇది చెప్పి బ్లెండర్ తెరిచి ఇస్తే మనం ఇక ఏం చెప్పక్కర్లేదు.

ఆ విండోస్ 10 విషయం కూడా అంతే. "మీ మెషిన్ పాడవలేదు, పనికిరాదని వేరేవాళ్ళు తేల్చారు" అని ఒక్క వాక్యం చాలు, నాలుగు స్వేచ్ఛలూ అందులోనే ఉన్నాయి.

చిరాకుబాబాయ్:

ఇద్దరూ మంచిగనే చెప్పిన్రు గని ఒక్కటి విడిచిపెట్టిన్రు. ఎవరికి చెప్పొద్దో గూడ తెల్వాలె.

ఫోటోషాప్‌కి బదులు గింప్ అని చెప్పుడు ముందుగాల బంద్ చెయ్యండి. ఫోటో కట్ చేసుకునుడు, సైజు తగ్గించుడు, మీద నాలుగు అక్షరాలు రాసుడు, గింప్ మస్తుగ చేస్తది. 2025ల వచ్చిన 3.0ల లేయర్ మీద ఎఫెక్ట్ ఏసినంక గూడ మళ్ల మార్చుకునే ఏర్పాటు పెట్టిన్రు, మంచిగున్నది. గని ప్రింటింగ్ పని చేసెటోడు పొద్దంత సీఎంవైకేల (ప్రింటింగ్ ఇంకుల రంగుల లెక్క) బతుకుతడు, ఆయనకు పోయి గింప్ చెప్తివనుకో, నువ్వు తర్వాత ఏం చెప్పినా ఇనడు. అట్లనే ఆటోక్యాడ్ మీద కడుపు నింపుకునెటోళ్లు. అట్లనే ఎక్సెల్‌ల మాక్రోలు రాసుకుని, పవర్ క్వెరీ పెట్టుకుని నడిపించెటోళ్లు. లిబ్రేఆఫీస్‌ల వీబీఏ (ఆ మాక్రోలు రాసే భాష) కొంత నడుస్తది, ఆ "కొంత" మీద ఒకరి కొలువు పెట్టద్దు. ఆటలు ఆడే పిల్లలు ఉన్న ఇంట్ల లినక్స్ ఏస్తే వాలొరాంట్ నడ్వది, ఫోర్ట్‌నైట్ నడ్వది, ఆ పిల్లలు నిన్ను జన్మల క్షమించరు. ఇంట్ల నుంచి ఆన్‌లైన్ పరీక్షలు రాసేటోళ్లు ఉంటే ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ దేని మీద నడుస్తదో ముందే అడుగుండ్రి.

ఇంకోటి. "కోడ్ అందరికీ కనబడ్తది కాబట్టి సేఫ్" అని చెప్తరు చూడండి, ఆ మాట నాకు నచ్చది. కనబడ్తది అన్నది నిజం, అందరు చూస్తున్నరు అన్నది అబద్ధం. వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ల హార్ట్‌బ్లీడ్ బగ్ రెండేండ్లు అట్లనే పడి ఉన్నది, 2014ల గాని బయటపడలే. 2024 మార్చిల ఎక్స్‌జెడ్ (లినక్స్‌ల ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్) లొల్లి గుర్తున్నదా, ఏండ్ల తరబడి నమ్మకం సంపాయించుకుని మెయింటెయినర్ అయి కూసున్నోడే దొంగదారి పెట్టిండు. అది దొరికింది ఎట్ల, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌ల కెళ్లే దారి) లాగిన్ అర సెకను లేటు అవుతున్నదేందని తవ్వుకుంట పోతే దొరికింది. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌ల, అది ఇంకో తమాషా. తవ్వుదామంటే తవ్వనిచ్చిన్రు, అది మాత్రం ఓపెన్ సోర్స్ గొప్పతనమే. గంత వరకే చెప్పుండ్రి. సేఫ్ అని పూచీ పడకుండ్రి.

గ్నూగోపి:

బాబాయ్ ఎక్స్‌జెడ్ విషయంలో మీతో వంద శాతం. ఆటల విషయంలో కూడా, ఆటలో మోసాన్ని పట్టే యాంటీచీట్ ఉన్నవి తప్ప మిగతావి స్టీమ్‌లో విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ పుణ్యమా అని చాలా నడుస్తున్నాయి, అది కూడా చెప్పాలి కదా :)

రెండోమౌస్:

నేను టెక్నికల్ మనిషిని కాదు, అకౌంట్స్ చూసుకుంటా. మీరందరూ ఎవరికి చెప్పాలని మాట్లాడుకుంటున్నారో ఆ మామూలు మనుషుల్లో నేనొకదాన్ని కాబట్టి నా మాట కూడా వినండి.

మా కజిన్ ఒకతను నా లాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్ వేసిచ్చాడు. వేసేటప్పుడు చాలా చెప్పాడు, కంపెనీల పెత్తనం అదీ ఇదీ, పాపం మంచివాడే. మర్నాడు తెరిచి వర్డ్ కోసం వెతుక్కున్నా. రైటర్ అంట, క్యాల్క్ అంట, ఇంప్రెస్ అంట, ఏది దేనికో ఒక్క ముక్క చెప్పలేదు. డెస్క్‌టాప్ మీద ఆ బొమ్మల కింద "ఉత్తరాలు", "లెక్కలు" అని పేరు మార్చి ఇచ్చి ఉంటే నాకు ఏ ఉపన్యాసం అక్కర్లేదు. ఇంకొకటి, పాత ఎక్సెల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఏది తెరుచుకోవాలో ఎవరూ సెట్ చెయ్యలేదు, ఒకోసారి ఒకోటి అడుగుతుంది, అలా అడిగినప్పుడల్లా ఏదో చెడగొట్టేస్తున్నానేమోనని భయం.

ఇప్పుడు మాత్రం రోజూ దాంట్లోనే చేస్తున్నా, మారింది ఎలాగంటే ఆఫీసులో ఒకావిడ అదే వాడుతుంది, డౌట్ వస్తే పక్కకి తిరిగి అడుగుతా, ఆవిడ విసుక్కోదు. అంతే తేడా. మీరు ఇన్‌స్టాల్ చేసి వెళ్ళిపోతారు, రాత్రి తొమ్మిదింటికి ప్రింట్ రాకపోతే నేనెవర్ని అడగాలి? విండోస్ అయితే ఇంట్లో ఎవరో ఒకరికి తెలుస్తుంది, యూట్యూబ్‌లో వెతికితే దొరుకుతుంది. మీరు పెట్టినదాని గురించి నాకు తెలిసింది మీరు ఒక్కరే, మీరేమో ఫోన్ ఎత్తరు. అందుకని ఒక్కళ్ళకి కాకుండా పక్కపక్కనే ఉండే ఇద్దరు ముగ్గురికి ఒకేసారి నేర్పండి. వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు.

ఇంకా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. "ఇన్నాళ్ళూ దొంగ సాఫ్ట్‌వేర్ వాడారు" అన్న మాటతో మొదలుపెట్టొద్దు. అది దొంగదని మాలో సగం మందికి తెలీనే తెలీదు, కొన్నప్పుడే ఎవరో వేసిచ్చారు, వాడుకుంటున్నాం.

ఖాళీఫోల్డర్:

రెండోమౌస్ గారూ మీ పోస్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి నేను, థాంక్స్ అండి. ఇద్దరు ముగ్గురికి కలిపి అన్నది నాకు అసలు తట్టలేదు, నేనెప్పుడూ ఒక్కొక్క ఇంటికి వెళ్ళడం గురించే ఆలోచిస్తున్నా.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, వాళ్ళంతట వాళ్ళు తర్వాత ఏదైనా దింపుకోవాలంటే సెర్చ్‌లో వీఎల్‌సీ అని కొడతారు, పైన యాడ్‌లో నకిలీ సైట్ వస్తుంది, అది నొక్కుతారు, మనం క్లీన్ చేసినదంతా మళ్ళీ మొదటికి. రెండు, విండోస్ 10 తప్ప గతిలేని మెషిన్లు కొన్ని ఉన్నాయి, వాటికి ఆఖర్న లినక్స్ వెయ్యక తప్పదు, వేసేముందు ఏం చూసుకోవాలి, ప్రింటర్లు గుర్తుకొస్తేనే గుండె దడ.

సర్వర్‌రూమ్‌లో_నేను:

నకిలీ సైట్లది నిజమైన బాధే, మన ప్రచారం వల్లే వాళ్ళు ఆ వేటలో పడతారు కాబట్టి బాధ్యత కూడా మనదే. యూబ్లాక్ ఉంటే సెర్చ్‌లో పైన వచ్చే యాడ్లు చాలావరకు కనిపించవు, అందుకే నా వరసలో ఫైర్‌ఫాక్స్ ముందు ఉంటుంది. అసలు సైట్ల బుక్‌మార్కులు ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చెయ్యండి, వీడియోలాన్ డాట్ ఆర్గ్, 7-zip.org (మధ్యలో గీత ఉంటుంది), లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, ఇలా. మీరే చేసేటప్పుడైతే విండోస్‌లో వింగెట్ అని కమాండ్ ఉంది, దాంతో దింపితే వెబ్‌సైట్ల గొడవే ఉండదు, తర్వాత అప్‌డేట్లు కూడా ఒకే కమాండ్‌తో అయిపోతాయి. పేరున్న డౌన్‌లోడ్ సైట్ కదా అని కూడా నమ్మడానికి లేదు, 2015లో సోర్స్‌ఫోర్జ్‌లో ఉన్న విండోస్ గింప్ ఇన్‌స్టాలర్‌కే వేరే చెత్త తగిలించి ఇచ్చారని పెద్ద గొడవైంది, తర్వాత ఆ సైట్ చేతులు మారింది, ఇప్పుడు ఆ పద్ధతి లేదులెండి.

లినక్స్ దగ్గరికొస్తే, నేను మామూలువాళ్ళకి మింట్ అనే రకం వేస్తా, వేరే డిస్ట్రోల (లినక్స్ రకాల) వాళ్ళు నా మీద పడకండి. 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, మధ్యలో ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వేసేముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండానే, బూట్ చేసి వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా, ఇవన్నీ వాళ్ళ ముందే చూడండి, ఆ యజమానినే కూర్చోబెట్టి కాసేపు ఆడుకోమనండి. ప్రింటర్ కూడా అప్పుడే కలిపి ఒక పేజీ తీసి చూడండి. నెట్‌వర్క్‌లో దొరికే ఈ మధ్యకాలం ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అడగకుండానే ప్రింట్ ఇచ్చేస్తున్నాయి, పాత యూఎస్‌బీ లేజర్ ప్రింటర్ల దగ్గరే తంటా. స్కానర్ ఉంటే దాన్ని మర్చిపోకుండా వేరుగా చూడండి, ప్రింట్ వచ్చి స్కాన్ రాని మెషిన్లు ఉంటాయి.

అన్నిటికంటే ముందు బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. కొన్ని లాప్‌టాప్‌లలో యజమానికి తెలీకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పటి సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ కదిపితే తర్వాత విండోస్ రికవరీ కీ అడుగుతుంది, ఆ కీ ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ముందు కీ తీసి కాగితం మీద రాయించండి, ఫోటోలు, ఫైళ్ళు బయటి డ్రైవ్‌కి కాపీ చెయ్యండి, ఆ కాపీ వేరే మెషిన్‌లో తెరుచుకుంటోందని చూడండి, అప్పుడు బయోస్ జోలికి వెళ్ళండి.

ఖాళీఫోల్డర్:

సూపర్ అన్నా, ఇవన్నీ రాసిపెట్టుకున్నా. ముందు ఒకరికొకరు తెలిసిన ముగ్గురిని ఒకచోట కూర్చోబెట్టి ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీతో మొదలుపెడతా, లిబ్రేఆఫీస్ వాళ్ళు అడిగితేనే. బ్లెండర్ కథ ఆ పిల్లల కోసం దాచుకుంటా.

ఒక్కటే మిగిలింది. వాళ్ళలో ఒకాయన ఎక్సెల్ ఫైలు ఒకటి ఏళ్ళుగా నడుపుతున్నాడు, బటన్ నొక్కితే రిపోర్ట్ తయారైపోతుంది, రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు, లోపల ఏముందో ఎవరికీ తెలీదు. ఆయన మెషిన్ కూడా విండోస్ 10. దానికేం చెయ్యమంటారు?

చిరాకుబాబాయ్:

ఆ ఎక్సెల్ జోలికి పోకు. ఫైలు రెండు మూడు చోట్ల కాపీ పెట్టించు, ఆ అదనపు అప్‌డేట్లకు రిజిస్టర్ చేపియ్యి, దాంతోని కొంత టైం దొరుకుతది. అది అయిపోయేలోపు ఆ బటన్ ఎనక ఏం రాసి ఉన్నదో ఆల్ట్ ఎఫ్11 నొక్కి కోడ్ మొత్తం టెక్స్ట్ ఫైల్‌ల దింపి ఈడ పెట్టు, పేర్లు, లెక్కలు తీసేసి పెట్టు మరి. పైథాన్‌ల రాయొచ్చో లేదో అప్పుడు చూద్దాం. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఆయనకు గూడ ఎయ్యి.